ఈకోర్ట్స్ యాప్: కోర్టు వాయిదాకూ పద్యనాటకం రిహార్సల్‌కూ మధ్య

నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రాక్టీసు చేస్తూ సాయంత్రాలు పద్యనాటకానికి ఇచ్చుకున్న వకీలుకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. రేపు ఏ కోర్టులో ఏ ఫైలు ఉంది, దేనికి ఉంది? జవాబు ఆరున్నరకల్లా దొరికితే ఏడున్నరకు హార్మోనియం దగ్గర కూర్చోవచ్చు. దొరక్కపోతే గుమాస్తా ఫోను కోసం చూస్తూ ఆఫీసులోనే తొమ్మిదవుతుంది. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌ని ఈ ఒక్క అవసరానికి పెట్టి చూస్తే, వకీలు ఫోనులో తప్పకుండా ఉండాల్సిన యాప్ ఇది. కానీ డైరీని పక్కన పడేసి దీన్నే నమ్ముకుంటే ఏదో ఒకరోజు హాజరు కాలేదని దావా డిఫాల్టులో కొట్టేస్తారు.

యాప్‌కి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ లేదు. హైకోర్టు, జిల్లా కోర్టులు రెండూ ఇందులోనే ఉంటాయి. తెరవగానే పైన ఏది ఎంచుకుని ఉందో చూసుకోవాలి. అక్కడ హైకోర్టు ఉండగా కావలి సబ్ కోర్టు దావా వెతికి, దొరకలేదని యాప్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది.

అసలు తాళంచెవి సీఎన్ఆర్ నంబరు, అంటే ఒక్కో కేసుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. మొత్తం 16 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, ఆపైన రెండు కోర్టు ఎస్టాబ్లిష్‌మెంటు, ఆరంకెలు వరుస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. చివరి పదీ అంకెలే. అందుకని ఏడో స్థానం నుంచి గుండ్రంగా కనిపించేదల్లా సున్నాయే, ఇంగ్లిషు ఓ కాదు. టైపు చేసేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ ఇక్కడే. ఓ.ఎస్. (దావా) నంబరు 45 అయితే సీఎన్ఆర్‌లోనూ 45 ఉంటుందనుకోవద్దు. అది దావా నంబరు కాదు, ఫైలింగ్ దగ్గర పడే వరుస. దావాకి నంబరు పడకముందే, కోర్టు ఆఫీసు స్క్రూటినీలో (పరిశీలనలో) ఉండగానే సీఎన్ఆర్ వస్తుంది కాబట్టి, ఫైలింగ్ రసీదు చేతికి రాగానే ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో రాసి పెట్టుకోవాలి. ఆ ఒక్క అలవాటు ఉంటే ఇక వెతుకులాట ఉండదు.

పాత ఫైళ్ల అట్టమీద ఆ నంబరు ఉండదు. అప్పుడు కేస్ స్టేటస్‌లోకి వెళ్లి కేసు నంబరుతోనో, పార్టీ పేరుతోనో, వకీలు పేరుతోనో, ఎఫ్ఐఆర్ నంబరుతోనో పట్టుకోవాలి. మన జిల్లాల్లో పార్టీ పేరుతో వెతకడం ఓపిక పరీక్ష. పెంచలయ్య, మాలకొండయ్య, మస్తానయ్య అన్న పేర్లను ఇంగ్లిషులో ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా కొడతాడు. చివరి ‘య్య’ని ఒకరు ఐ పెట్టి రాస్తే ఇంకొకరు రెండు వైలు పెడతారు. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. ‘పెంచ’ వరకో ‘మాల’ వరకో కొట్టి, సంవత్సరం ఇచ్చి, పెండింగ్ అని కాకుండా రెండూ అన్నది ఎంచుకోండి. డిఫాల్టులో పోయిన కేసు పెండింగ్ జాబితాలో కనిపించదు. కేసు లేదని కంగారు పడేముందు చూడాల్సింది అదే.

ఇంకో చిక్కు జిల్లా పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి, గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కోర్టుల లెక్క రెవెన్యూ లెక్కతో పాటు మారలేదు. కందుకూరు కోర్టు కేసును నెల్లూరు కింద వెతికి లేదనుకోవద్దు, ముందు ప్రకాశం కింద చూడండి. గూడూరు కేసుకు తిరుపతి, చిత్తూరు కాదు, ముందు నెల్లూరు. ఏ కోర్టైనా సరే, ముందు పాత ఉమ్మడి జిల్లా, ఆ తర్వాతే కొత్తది.

కేసు దొరికాక దాన్ని ‘మై కేసెస్’లో చేర్చుకోవాలి. యాప్ ప్రాణమంతా ఇక్కడే ఉంది. ఎనభై ఫైళ్లున్న ఆఫీసైతే కేసుకు నిమిషం చొప్పున గంటన్నర పని. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. వకీలు పేరుతో వెతికితే జాబితా మొత్తం ఒకేసారి వస్తుందని ఆశపడొచ్చు గానీ, వకాల్తాలో పేరు ఇంటిపేరుతో ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి రాసి ఉంటే సగమే వస్తాయి. ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో వెతకడం దానికంటే నమ్మకం, అదీ ఫైలింగ్‌లో నంబరు ఎక్కించి ఉంటేనే. సీనియర్ వకాల్తా మీద పనిచేసే జూనియర్లకు ఈ దారి మూసుకున్నట్టే. వాళ్లు ఒక్కొక్క కేసూ చేతితోనే చేర్చుకోవాలి.

ఇక సాయంత్రం పని. మై కేసెస్ తెరవగానే కనిపించే తేదీలు ఇవాళ్టివి కావు, చివరిసారి రిఫ్రెష్ చేసినప్పటివి. ఇది తెలియక పాత తేదీని డైరీలో ఎక్కించుకున్న ఆఫీసులు ఉన్నాయి. రిఫ్రెష్ నొక్కి, పూర్తయ్యేదాకా స్క్రీను వదలకుండా ఉండాలి. నెట్ మధ్యలో పోతే కొన్ని కేసులు పాత తేదీతోనే మిగిలిపోతాయి. ఒకసారి అయ్యాక, ఇవాళ పిలిచిన కేసుల్లో ఇంకా ఇవాళ్టి తేదీయే చూపిస్తున్నవి ఎన్నో లెక్కపెట్టండి. వాటికి కోర్టు నుంచి ఎంట్రీ ఇంకా పడలేదన్నమాట.

ఎంట్రీ ఆలస్యం ఎందుకవుతుందో తెలిస్తే విసుగు తగ్గుతుంది. యాప్ తానుగా తేదీ వేయదు. కాల్ వర్కులో (కేసులు వరసగా పిలిచి తేదీలు వేసే పనిలో) కేసు పిలిచి, న్యాయాధికారి తేదీ చెప్పాక, బెంచి క్లర్కు రాసుకున్నది కోర్టు కంప్యూటర్‌లో ఎక్కితేనే మన ఫోనులో కనబడుతుంది. సాక్షుల విచారణ సాయంత్రం ఐదు దాటిన రోజున ఆ ఎంట్రీ ఆరుకో ఏడుకో పడుతుంది, ఒక్కోసారి మర్నాటికి. న్యాయాధికారి సెలవులో ఉండి ఇన్‌ఛార్జి కోర్టు కేసులన్నిటినీ మూకుమ్మడిగా ఒకే తేదీకి వేసినప్పుడు, ఆ తేదీ తర్వాత మారే అవకాశం ఎక్కువ. అలాంటి వాయిదాని డైరీలో పెన్సిల్‌తో రాసుకోవడం మంచిది.

ఐ.ఏ.ల (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్ల) దగ్గర మరీ జాగ్రత్త. పై స్క్రీనులో కనిపించేది అసలు దావా తేదీ. ఇంజంక్షన్ పిటిషనో, అమెండ్‌మెంట్ పిటిషనో వేరే తేదీకి ఉంటే అది కింద ఐ.ఏ. వివరాల్లో ఉంటుంది. అక్కడిదాకా జరిపి చూడనివాళ్లకి కౌంటరు (జవాబు) వేయాల్సిన రోజు తెలియకుండా దాటిపోతుంది. హియరింగుల చరిత్రలో ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు జరిగింది ఒకటి రెండు వాక్యాల్లో వస్తుంది. కొత్తగా వకాల్తా తీసుకున్న పాత ఫైలుకు ఇంతకన్నా మంచి సాధనం లేదు. పార్టీ చెప్పేదానికీ, అందులో ఉన్నదానికీ తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

నెట్ సరిగా అందని ఉదయగిరి, సీతారామపురం వైపు ఉన్నప్పుడు ఎస్ఎంఎస్ పనికొస్తుంది. ఇంగ్లిషులో ఈకోర్ట్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, సీఎన్ఆర్ రాసి 9766899899కి పంపితే కేసు స్థితి తిరిగి వస్తుంది. ఫైలింగ్‌లో మొబైల్ నంబరు సరిగా ఎక్కించి ఉంటే వాయిదాల సందేశాలు వాటంతటవే వస్తాయి. ఆ గడిలో గుమాస్తా నంబరు ఉందా, వకీలుదా అన్నది ఒకసారి సరిచూసుకోవాలి.

యాప్ చేయనివి కూడా తెలుసుకోవాలి. గడువుల లెక్క ఇది కట్టదు. దావా డిఫాల్టులో పోతే తిరిగి తెరిపించుకునే పిటిషన్‌కు 30 రోజులు. ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం రాకుండా ఇచ్చినది) రద్దుకు డిక్రీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగా అందకపోతే తెలిసిన రోజు నుంచి. ప్రతివాది జవాబైన రిటన్ స్టేట్‌మెంట్‌కు సమన్లు అందిన నాటి నుంచి 30, కోర్టు పొడిగిస్తే 90. మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే కేవియట్ ఆయుష్షు 90 రోజులు. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకైతే 90. ఇవన్నీ డైరీ చివరి పేజీల్లో వేరే పట్టికగా ఉండాల్సిందే. యాప్‌లో దొరికే తీర్పు పీడీఎఫ్ చదువుకోవడానికే, అది సర్టిఫైడ్ కాపీ కాదు. పీడీఎఫ్ చేతిలో ఉంది కదా అని కాపీ అప్లికేషన్ ఆలస్యం చేస్తే నష్టం మనకే. అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా గడువులోంచి మినహాయింపు దొరుకుతుంది, పెట్టకపోతే ఆ రోజులన్నీ గడువులోకే లెక్క.

ఇక నాటకం సంగతి. వకీళ్లకు ఇది పైపై సరదా కాదు, మన రంగస్థలానికి పునాది వేసినవాళ్లలో వాళ్లున్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ బళ్లారి వకీళ్లు. బళ్లారి రాఘవ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేస్తూనే ఆంధ్రదేశమంతా వేషాలు కట్టాడు. ప్రకాశం పంతులు బారిస్టరు కాకముందు, ఒంగోలులో చదువుకునే రోజుల్లో నాటకాల్లో ఆడాడు. నెల్లూరుకైతే తిక్కన ఉండనే ఉన్నాడు. మనుమసిద్ధి కోసం కాకతి గణపతిదేవుడి దగ్గరికి మాట మోసుకెళ్లాడని చెప్పే ఆ కవి ఊళ్లో, రాయబారం పద్యాలు పాడే వకీలు వింతేమీ కాదు.

వాళ్లకు యాప్ వల్ల కలిగే అసలు మేలు తేదీలు ముందుగా కనిపించడం. పురమందిరంలో ప్రదర్శన ఖాయమైతే, దానికి ముందు పదిహేను రోజుల్లో ఏ రోజుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ ఉందో మై కేసెస్‌లో తేదీల వరుసన చూసుకోవాలి. హియరింగ్ ఉద్దేశం గడిలో ఎవిడెన్స్ అని ఉన్న రోజులు, కాల్ వర్కుతో పోయే రోజులు ఒకటి కాదు. తిరిగే ఫ్యాన్ల కింద రెండు గంటలు క్రాస్ చేసిన గొంతు ఆ సాయంత్రం పై షడ్జమం అందుకోదు. గది మోతను దాటడానికి తెలియకుండానే గొంతు పెంచుతాం, ఆ బిగువు రాత్రిదాకా పోదు. అలాంటి రోజున రిహార్సల్ మానక్కర్లేదు. ఐదో శ్రుతిలో పాడేవాళ్లు నాలుగుకు దించుకుని పద్యం అనుకోవచ్చు, లేదా వచనం, కదలికలు, మలుపులు మాత్రం చూసుకోవచ్చు. మూడో శ్రుతి వాళ్లు అరమెట్టు పెంచి పాడితే అది నేరుగా నాలుగే. హార్మోనియం మీద మూడున్నర అనే మెట్టు లేదు కాబట్టి, కొంచెమే కదా అనుకుని పెంచకూడదు. ప్రదర్శన శ్రుతిలో పూర్తి రిహార్సల్ మాత్రం ఎవిడెన్స్ లేని రోజుకే పెట్టుకోవాలి. ఆ రోజు ఏదో ముందే తెలిస్తే హార్మోనిస్టుకీ, తోటి నటులకీ నాలుగు రోజుల ముందు మాట ఇవ్వగలుగుతారు. ఊళ్లో మంచి హార్మోనిస్టు దొరకడమే కష్టం, ఆయన్ని కూర్చోబెట్టి రేపటి కేసుల కోసం ఫోను చూసుకోవడం మర్యాద కాదు.

ఆ రోజు కేసుల వరుస చూపించే కాజ్ లిస్టు ఇంకో రకంగా ఉపయోగం. మన ఫైలు వరుసలో నలభై రెండోది అని ముందే చూస్తే, పిలిచేలోపు బార్ అసోసియేషన్ గదిలో ఒక పద్యం పట్టుకోవచ్చు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. మత్తేభానికీ 20 అక్షరాలే, యతి మాత్రం పద్నాలుగో దాని మీద. యతి స్థానాలు గుర్తుపెట్టుకుంటే మరిచిన మాట తానుగా గుర్తొస్తుంది, కానీ ఊపిరి ఆపేది అర్థం విరిగే చోట, యతి దగ్గర కాదు. వరుస సంఖ్యను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. పాస్‌ఓవర్లు (తర్వాత పిలుద్దామని పక్కన పెట్టేవి), ముందుకు పిలిచే కేసులు ఏ జాబితాలోనూ ఉండవు. నలభై రెండోది కూడా పదకొండున్నరకే పిలిచేయొచ్చు, అందుకని ఒక చెవి హాలు వైపే ఉంచాలి.

చివరిగా ఒక పని, చాలామంది చేయనిది. మై కేసెస్‌లోని కేసులన్నీ ఆ ఫోనులోనే ఉంటాయి. యాప్ తీసేసినా, ఫోను పోయినా, మార్చినా జాబితా మొత్తం పోతుంది. లాగిన్ లేకపోవడం వల్ల వచ్చిన నష్టం ఇదే. బ్యాకప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. దాన్ని నెలకొకసారి మెయిల్‌కి పంపుకుని, ఒక కాపీ గుమాస్తా ఫోనులోకి ఇంపోర్ట్ చేయించండి. వేషం వేసుకోవడానికి గంటన్నర పట్టే రోజున, కిరీటం పెట్టుకుని కూర్చున్న వకీలు ఫోను తీయలేడు. ఆ సాయంత్రం రిఫ్రెష్ చేసి మర్నాటి ఫైళ్లు తీసి పెట్టేది గుమాస్తానే.