కార్డానో స్టేకింగ్ నాలుగేళ్ళ తర్వాత: చిన్న పూల్‌లో చిన్న వాటా సంగతి

నా అడాలను కార్డానో స్టేకింగ్‌కు అప్పగించి నాలుగేళ్ళు దాటింది. కార్డానో ఒక క్రిప్టో నెట్‌వర్క్, అడా దాని నాణెం. ఆ నాణేలను నెట్‌వర్క్ నడవడానికి వాటాగా అప్పగించి ప్రతిఫలం పొందడమే స్టేకింగ్. అలా చాలామంది వాటాలను కలిపి ఒక నిర్వాహకుడు నడిపేది పూల్. 2021 ఫిబ్రవరిలో 3,000 అడాలతో మొదలుపెట్టాను, ప్రతిఫలాన్ని పక్కన పెడితే ఇప్పటికీ దాదాపు అంతే ఉంది. వాలెట్ (అడాలు దాచుకునే యాప్) ఎలా తెరవాలి, పూల్‌ను ఎలా ఎంచుకోవాలి వంటివి ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. ఇన్నేళ్ళు నన్ను ఇక్కడ నిలిపినదీ, మధ్యలో బాగా బాధపెట్టినదీ ఒకే విషయం: పెద్ద వాటాదారుడికీ చిన్న వాటాదారుడికీ మధ్య ప్రతిఫలం పంచే తీరు.

అంతకు ముందు నేను ఒక క్రిప్టో ఎక్స్ఛేంజీ వారి రివార్డు పథకంలో ఉండేవాడిని. ఆ సంస్థ సొంత టోకెన్‌ను ఎక్కువగా కొని దాచినవారికి ఎక్కువ వడ్డీ, నాలాంటివారికి అన్నిటికన్నా తక్కువ వడ్డీ. ఇథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్‌లో సొంతంగా వాలిడేటర్ (లావాదేవీలను సరిచూసే కంప్యూటర్) నడుపుదామంటే దాని నాణేలు 32 ఈథర్లు కావాలి, అది నా జీతానికి అందే మాట కాదు. కార్డానోలో అయితే తిరిగి వచ్చే 2 అడాల డిపాజిట్, పావు అడా కూడా లేని లావాదేవీ రుసుము పెట్టుకుంటే చాలు. కనీస మొత్తమంటూ లేదు, ఇన్నాళ్ళు కదపకూడదనే గడువు లేదు, అడాలు నా వాలెట్‌లోనే ఉంటాయి. ఒకే పూల్‌లో 3,000 అడాలున్న నాకూ, 30 లక్షల అడాలున్న మరొకరికీ ఎపాక్ అనే ప్రతి ఐదు రోజుల విడతకూ వచ్చే శాతం ఒక్కటే. మొదటిసారి రెండు అడాలు జమ అయినప్పుడు ఆ శాతాన్ని నేనే కాగితం మీద లెక్కవేసి సరిచూసుకున్నాను. "ఇక్కడ పెద్దా చిన్నా తేడా లేదు" అని ఆ ఏడాది చాలామంది మిత్రులకు చెప్పాను.

ఆ మాట ఒక పూల్ లోపల నిజం. రెండు పూల్‌ల మధ్య నిజం కాదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

2022 మొదట్లో, పెద్ద పూల్‌లే అంతా పోగుచేసుకుంటే వికేంద్రీకరణ మిగలదన్న ఆలోచనతో, మన ప్రాంతపు యువకుడొకరు నడుపుతున్న చిన్న పూల్‌కు నా వాటా మార్చాను. దానిలో మొత్తం 12 లక్షల అడాలు మాత్రమే ఉండేవి. అప్పట్లో ఏడాదికి సుమారు 5 శాతం ప్రతిఫలం వస్తుండేది కనుక, ఏడాదిలోని 73 ఎపాక్‌లకు పంచితే ఆ పూల్‌కు సగటున ఎపాక్‌కు 820 అడాలు రావాలి. అయితే ప్రతి పూల్ నిర్వాహకుడూ ప్రతిఫలంలోంచి ముందుగా కనీసం 340 అడాల స్థిర రుసుము తీసుకోవాలని నెట్‌వర్క్ నిబంధన ఉండేది. తనకు వద్దనుకున్నా ఆ యువకుడు దాన్ని తగ్గించలేడు. 820లో 340 పోతే పంచడానికి మిగిలేది 480, అంటే 41 శాతం రుసుముకే పోయినట్లు. ఆరు కోట్ల అడాలున్న పెద్ద పూల్‌కు అదే లెక్కన ఎపాక్‌కు 41,000 అడాలు వస్తాయి, దానిలో 340 ఒక్క శాతం కూడా కాదు. కాబట్టి పెద్ద పూల్‌లో రెండు అడాలు అందుకునే నా 3,000కు ఇక్కడ సగటున 1.2 అడాలే వచ్చేవి. అది కూడా సగటు మాటే. ఆ పరిమాణంలోని పూల్‌కు ఎపాక్‌కు ఒకటి రెండు బ్లాకులు (లావాదేవీలను నమోదు చేసే వంతులు, ప్రతిఫలం వచ్చేది వీటికే) దొరికితే గొప్ప, ఒక్కటీ దొరకని ఎపాక్‌లో ఏమీ రాదు.

మన చీటీల్లో నిర్వాహకుడి కమిషన్‌కు పరిమితి శాతంలో ఉంటుంది. చీటీల చట్టం 2019 సవరణ వరకు 5, ఆ తర్వాత 7 శాతం. యాభై వేల చీటీకైనా పది లక్షల చీటీకైనా హద్దు అదే. ఆ లెక్కకు అలవాటుపడిన నాకు ఈ స్థిర రుసుము మొదట అర్థమే కాలేదు. రుసుము లేని పూల్‌లను ఒక్కరే వందలకొద్దీ తెరిచి నెట్‌వర్క్‌ను ఆక్రమించకుండా ఆ అడ్డు పెట్టారని తర్వాత తెలిసింది. ఉద్దేశం మంచిదే, భారం మాత్రం ఆ పని చేయలేని చిన్న పూల్‌ల మీదే పడింది.

అసలు దెబ్బ 2022 చివర తగిలింది. 2021 సెప్టెంబరులో 3 డాలర్లు దాటిన అడా ధర 2022 డిసెంబరుకల్లా పావు డాలరు దగ్గరికి పడిపోయింది. సర్వర్ల ఖర్చు భరించలేక ఆ యువకుడు పూల్‌ను మూసేశాడు. మూసేస్తున్నట్లు తన బృందంలో చెప్పాడట, నేను ఆ బృందంలో లేను. మూతపడిన పూల్‌కు అప్పగించిన వాటాను నెట్‌వర్క్ తనంతట తాను మరో పూల్‌కు మార్చదు, నా వాలెట్ కూడా ఏ హెచ్చరికా చూపలేదు. బ్లాకులు దొరకని రోజులు నాకు అలవాటే కనుక, సున్నాలు కనిపిస్తున్నా రెండు నెలల పాటు అనుమానించలేదు. ఆ తర్వాత గమనించి మరో పూల్‌కు మారినా మొదటి ప్రతిఫలం రావడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. నా 3,000 అడాలు పోలేదు, రాకుండా పోయిన ప్రతిఫలం ముప్పై అడాల లోపే. కానీ చిన్నవారికి అండగా నిలవాలని వెళ్ళిన చిన్నవాడే అటు రుసుము రూపంలోనూ ఇటు మూతపడడం వల్లనూ రెండు విధాల నష్టపోయాడన్న బాధ చాలా కాలం పోలేదు. ఆ యువకుడి మీద నాకు కోపం లేదు, అతనికి నాకన్నా ఎక్కువే పోయింది.

2023 చివర్లో కనీస రుసుమును 340 నుంచి 170కి తగ్గించారు. అప్పుడు నేను దాన్ని గట్టిగా మెచ్చుకున్నాను. ఇప్పుడు మళ్ళీ లెక్కవేస్తే ఆ మెప్పును కొంత వెనక్కి తీసుకోవలసి వస్తోంది. ప్రతిఫలాల్లో ఎక్కువ భాగం వచ్చే నిల్వ నిధి తరుగుతున్న కొద్దీ రేటు కూడా మొదటి రోజులతో పోలిస్తే దాదాపు సగానికి దిగింది. అదే 12 లక్షల పూల్‌కు ఇప్పుడు ఎపాక్‌కు 410 అడాల వంతున వస్తాయి, దానిలో 170 తీసేస్తే మళ్ళీ అదే 41 శాతం. పైగా తగ్గింపు దానంతట అది అమలు కాదు. నిర్వాహకుడు పూల్ నమోదును సవరిస్తేనే కొత్త రుసుము వర్తిస్తుంది.

మరోవైపు, నిర్వాహకుడు సొంతంగా తాకట్టుగా పెట్టే మొత్తాన్ని బట్టి కొంత అదనపు ప్రతిఫలం ఉంది. పూల్ నిండడానికి కావలసిన కోట్ల అడాలన్నీ తానే పెట్టగలిగినవారికి సూత్రం ప్రకారం ఆ అదనం 30 శాతం వరకు ఉంటుంది, లక్ష అడాలు పెట్టినవారికి కంటికి కనిపించనంత. నేను "తేడా లేదు" అని చెప్పినప్పుడు ఈ సూత్రాన్ని చదవలేదు.

2025 జనవరి 29న వచ్చిన ప్లోమిన్ అనే నెట్‌వర్క్ మార్పు తర్వాత, పాలనా ఓటును (నెట్‌వర్క్ నిబంధనల మీద అడాలున్నవారికి ఉండే ఓటు) ఒక ప్రతినిధికి అప్పగిస్తే తప్ప, లేదా తటస్థమనో అవిశ్వాసమనో నమోదు చేస్తే తప్ప, పోగైన ప్రతిఫలాన్ని బయటికి తీయడం కుదరదు. ఓటు బలం అడాల సంఖ్యను బట్టే ఉంటుంది. రుసుము ఎంత ఉండాలన్నది కూడా ఈ ఓట్లు తేల్చేదే కనుక, చిన్న పూల్‌ల పక్షాన మాట్లాడే ప్రతినిధి కోసం రెండు సాయంత్రాలు వెతికి ఎంచుకున్నాను.

మరి చేరవచ్చా అని అడిగేవారికి నా పరిస్థితి ముందు చెప్పాలి. నాకు నెల జీతం ఉంది, ఈ అడాలను నేను అమ్మలేదు. అమ్మిన రోజున లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్ కట్టాలని, నష్టాన్ని వేరే లాభంతో సర్దుబాటు చేసుకునే వీలు లేదని తెలిసే ఉంచుకున్నాను. ఇంటి ఖర్చుకు పనికొచ్చే డబ్బుతో, లేదా అప్పు తెచ్చి వచ్చేవారికి నా అనుభవం ఆధారం కాదు. ఎలాగూ అడాలు ఉంచుకోదలచినవారికి మాత్రం, నేను చూసిన పథకాల్లో చిన్న మొత్తాన్ని ఇంత మర్యాదగా చూసినది ఇదొక్కటే అని ఇప్పటికీ చెబుతాను, పూల్ పరిమాణాన్నీ స్థిర రుసుమునూ ముందుగా చూసుకోమన్న షరతుతో.

ప్రస్తుతం నా అడాల్లో 2,500 ఒక మధ్యస్థ పూల్‌లో ఉన్నాయి. ఒక వాలెట్ ఖాతా వాటాను ఒకే పూల్‌కు ఇవ్వగలం కనుక, మరో ఖాతా తెరిచి 500 అడాలను ఇంకా ఒక చిన్న పూల్‌లోనే ఉంచాను. దాని నిర్వాహకుడు రుసుమును 170కి తగ్గించాడు, మూసేయవలసి వస్తే నెల ముందే చెబుతానని తన పేజీలో రాసిపెట్టాడు. ఆ పేజీని ఇప్పుడు ప్రతి ఎపాక్‌కూ ఒకసారి తెరిచి చూస్తున్నాను.