గర్భిణికి ఏ జన్యువులు మేలు: కిర్ ఏఏనా, కిర్ బీనా?

మా వదినకు ఏడో నెలలో వేళ్లు వాచిపోయి, సబ్బు రాస్తే తప్ప ఉంగరం ఊడిరాలేదు. బీపీ 160/110. గుర్రపు వాతం (ప్రీఎక్లాంప్సియా, గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) అన్నారు. "ఉప్పు తగ్గించమంటే విన్నావా?" అని ఇంట్లో అందరూ ఆమె మీదే పడ్డారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎందుకంటే ఈ జబ్బుకు బీజం చాలావరకు మాయ నాటుకునే తొలి నెలల్లోనే పడుతుంది. బిడ్డ వైపు కణాలు గర్భాశయం గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి మెలికల రక్తనాళాల కండను కరిగించి వెడల్పు చేస్తాయి. అవి ఎంత లోపలికి రావచ్చో చూసుకునేవాటిలో ముఖ్యమైనవి తల్లి ఎన్‌కే కణాలు, అంటే ఒక రకం రోగనిరోధక కణాలు. వాటి మీద ఉండి సంకేతాలు పట్టే కిర్ గ్రాహకాలు బిడ్డ కణాల మీది హెచ్‌ఎల్‌ఏ-సి ప్రొటీన్‌ను తడిమి చూస్తాయి. ఆ ప్రొటీన్‌లో సీ1, సీ2 అని రెండు రకాలు.

కిర్ జన్యువుల గుంపుల్లో ఏ, బీ అని రెండు రకాలు; అమ్మానాన్నల ఇద్దరి నుంచీ ఏ వస్తే ఏఏ. తల్లిది ఏఏ రకమైతే కిర్‌లు ఎక్కువగా బ్రేకు వేసేవే ఉంటాయి. బిడ్డ సీ1 అయితే పెద్దగా ఇబ్బంది లేదు. సీ2 అయితే ఆ బ్రేకు గట్టిగా పడుతుంది. రక్తనాళాలు ఇరుకుగానే ఉండిపోయి, గుర్రపు వాతం ముప్పు పెరుగుతుంది. కేంబ్రిడ్జ్‌లో యాష్లీ మాఫెట్ బృందం 2004లో ఈ సంగతి చెప్పింది. ఆ సీ2 తండ్రి నుంచి వచ్చినప్పుడు ముప్పు ఎక్కువని 2010లో మళ్లీ తేల్చింది. తల్లిని తిట్టేవాళ్లు ఈ ఒక్క ముక్కైనా గుర్తుంచుకోవాలి.

బీ రకంలో కిర్2డీఎస్1 లాంటి ఉత్తేజపరిచే జన్యువులు ఉంటాయి. అది సీ2ను గుర్తిస్తే ఎన్‌కే కణాలు బిడ్డ కణాలను లోపలికి పిలిచే రసాయనాలు వదులుతాయి. ఉగాండా తల్లుల్లో ఈ కాపుదల కిర్2డీఎస్5 నుంచి వస్తోందని కంపాలాలో చేసిన అధ్యయనం చెప్పింది.

అలాగని బీ అన్నివిధాలా మేలని కాదు. కిర్2డీఎస్1 ఉన్న తల్లి, సీ2 బిడ్డ కలిస్తే బిడ్డ బరువు పెరుగుతుంది. సిజేరియన్ లేని కాలంలో పెద్ద బిడ్డ అడ్డుపడటమంటే తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే రెండు రకాలూ మనుషుల్లో నిలిచిపోయాయని శాస్త్రవేత్తల ఊహ. జపాన్‌లో ఏఏ చాలా ఎక్కువ, కానీ సీ2 తక్కువ, కాబట్టి ముప్పు తెచ్చే కలయిక అక్కడ అరుదు. ఇవాళ్టి ఆస్పత్రుల లెక్కన నేను బీ వైపే మొగ్గుతాను. పెద్ద బిడ్డకు ఆపరేషన్ ఉంది, గుర్రపు వాతానికి కాన్పు తప్ప అసలు మందు లేదు.

కిర్ టెస్టు కోసం మాత్రం పరిగెత్తకండి. ఏఏ తల్లుల్లో ఎక్కువమందికి కాన్పు మామూలుగానే అవుతుంది. దానికంటే బీపీ, పాత కాన్పుల వివరాలు, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ అక్కరకొస్తాయి. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న గర్భిణులకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే గుర్రపు వాతం 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అది డాక్టర్ చెబితేనే వేసుకోవాలి, 16 వారాల లోపే మొదలుపెట్టాలి. మా వదిన రెండోసారి మొదటి చెకప్‌లోనే పాత సంగతంతా చెప్పింది. పన్నెండో వారంలో మాత్ర మొదలుపెట్టారు.