బాబ్ డిలాన్ తొలి ఎనిమిది ఆల్బమ్‌లు: మోనో సీడీల పెట్టెపై సమీక్ష

అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ 1962 నుంచి 1967 దాకా వెలువరించిన తొలి ఎనిమిది ఆల్బమ్‌లను అప్పటి మోనో రూపంలోనే, అంటే ధ్వనులన్నీ కుడి ఎడమలుగా విడిపోకుండా ఒకటిగా వినిపించే రూపంలోనే, 9 సీడీలుగా కూర్చిన ‘ది ఒరిజినల్ మోనో రికార్డింగ్స్’ 2010లో విడుదలైంది. పాట రాసి తానే పాడుకునే మనిషి ఎక్కడ మొదలై జనంలోకి ఎలా వెళ్లాడో తెలుసుకోదలచినవారు ఈ పెట్టెను వినాలి.

1962 మార్చిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోని 13 పాటల్లో సొంతవి రెండే. తక్కినవి జానపదాలు, అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలు, పాత భక్తి గీతాలు. తొలి ఏడాది సుమారు 5,000 ప్రతులే అమ్ముడయ్యాయని చెబుతారు. అతన్ని కొలంబియా రికార్డుల కంపెనీలోకి తీసుకున్న జాన్ హామండ్‌ను తోటివారు ఎగతాళి చేశారు. అయినా డిలాన్ తాను గురువుగా తలచిన జానపద గాయకుడు వుడీ గత్రీ మీద, ఆయన బాణీనే తీసుకుని కట్టిన పాటను నేను ఎంతో ఇష్టంగా విన్నాను. ఇరవై ఏళ్ల కుర్రవాడి భక్తి అందులో నిండుగా ఉంది.

అసలు మలుపు 1963 మేలో వచ్చిన ‘ది ఫ్రీవీలిన్ బాబ్ డిలాన్’. ఇందులో 13కు 11 పాటలు అతని సొంత రచనలు. ‘బ్లోయింగ్ ఇన్ ది విండ్’ను ఆ వేసవిలో పీటర్, పాల్ అండ్ మేరీ బృందం పాడగా, అది అమెరికా పాటల పట్టికలో రెండో స్థానానికి చేరింది, అంటే చాలామందికి ముందు పాట అందింది, రాసినవాడి గొంతు ఆ తరవాత అందింది. వంగపండు ప్రసాదరావు పాటలను రాసినదెవరో తెలియకుండానే పాడుకున్న మన ఉత్తరాంధ్ర ఊళ్లకు ఈ తీరు కొత్త కాదు.

ఈ ఆల్బమ్‌లోనే ‘ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గొన్నా ఫాల్’ దాదాపు ఏడు నిమిషాలు ఒక్క గిటారు మీద నడుస్తుంది. ఎక్కడికెళ్లావు, ఏం చూశావు, ఏం విన్నావు అని కొడుకును అడుగుతుంటే, అతడు చెప్పే జవాబులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చి, చివరి చరణం అన్నిటికంటే పొడుగై ఊపిరి సలపనివ్వదు. మోనోలో గొంతు, గిటారు ఒకేచోటి నుంచి వస్తాయి గనుక, మనిషి ఎదురుగా కూర్చుని కథ చెబుతున్నట్టే ఉంటుంది.

1964లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో పాటలన్నీ సొంతవే. 1965లో ఎలక్ట్రిక్ వాద్యాలు చేరాక, ఆరు నిమిషాలు దాటిన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ కూడా రెండో స్థానం అందుకుంది.

ఒక ఇబ్బంది చెప్పాలి. పాత ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) అట్టలను సీడీ సైజుకు కుదించడంతో వెనకవైపు అక్షరాలు చదవడం కంటికి కష్టం. సంగీత విమర్శకుడు గ్రీల్ మార్కస్ వ్యాసమున్న, పెట్టెలోని పుస్తకం మాత్రం శ్రద్ధగా చదవదగ్గది.

1919లో సంగీత కళాశాల వెలసిన, ఘంటసాల చదువుకున్న విజయనగరంలో పెరిగిన చెవికి ఈ గొంతు మొదట గరుకుగా తగులుతుంది. అందుచేత ఇక్కడి శ్రోతలు రెండో ఆల్బమ్‌తో మొదలుపెట్టి, ఆ గొంతు అలవాటయ్యాక మొదటిదానికి వెళ్లడం మేలు. పెట్టె మొత్తం కొనే స్తోమత లేనివారు ఆ రెండో ఆల్బమ్ ఒక్కటైనా విడిగా తీసుకోవచ్చు.