హైదరాబాద్‌లో క్లీట్ పెడల్స్ నేర్చుకోవాలంటే నార్సింగి ట్రాక్‌కే వెళ్ళండి

క్లీట్ అంటే సైకిల్ షూ అడుగున బిగించే చిన్న ముక్క. పెడల్‌లోని స్ప్రింగు దాన్ని పట్టుకుంటుంది, మడమ బయటికి తిప్పితే వదులుతుంది. ముందు డబ్బు లెక్క. షిమానో కంపెనీ ఎస్పీడీ రకం క్లీట్ పెడల్స్ 3,200, షూస్ 6,400, బిగించినందుకు 400. అక్షరాలా పదివేలు. ఇప్పటికీ నా కడుపు మండేది ఆ 400 గురించే.

"కొత్తగా నేర్చుకుంటున్నాను, వదులుగా పెట్టు బాబూ" అని రెండుసార్లు చెప్పాను. "అలవాటైపోతుంది మేడం" అంటూ షాపు కుర్రాడు స్ప్రింగు చివరిదాకా బిగించేశాడు. ఇంటికొస్తుంటే టోలిచౌకి సిగ్నల్ దగ్గర బ్రేకేసి కుడికాలు దించబోయాను. మడమ ఎంత బయటికి తిప్పినా షూ ఊడి రాలేదు. సైకిల్‌తో సహా రోడ్డు మీద పడ్డాను. వెనకొస్తున్న ఆటో అన్న సమయానికి ఆపాడు కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. నాతో వచ్చిన తమ్ముడు ఇంటిదాకా నోరు విప్పలేదు. ఫోన్ చేస్తే షాపువాళ్ళు "తీసుకురండి, సరిచెయ్యడానికి ఇంకో 200" అన్నారు.

ఆదివారం పొద్దున ఆరింటికి నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్‌కి వెళ్ళాం. 2023 అక్టోబర్‌లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల నీడ, వెనక హారన్ కొట్టే బస్సు లేదు. నేర్చుకునేవాళ్ళకి ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు.

నా అవస్థ చూసి ఒక పెద్దాయన ఆగారు. "కాస్త దిగమ్మా" అని బ్యాగులోంచి 3 ఎంఎం అలెన్ కీ తీశారు. ఒక్కో పెడల్‌కి రెండువైపులా స్ప్రింగు బిగువు మార్చే స్క్రూ ఉంటుందట. నాలుగింటినీ ఎడమకి తిప్పుతూ, టిక్కుమన్న ప్రతిసారీ లెక్కపెట్టారు, నాలుగూ సమానంగా ఉండాలని. తర్వాత షూ తిరగేసి, "మోకాలు నొప్పెడుతోందా?" అన్నారు. రెండు రోజులుగా నొప్పే! క్లీట్ వంకరగా బిగించి ఉంది. అదీ సరిచేశారు.

రెయిలింగ్ పట్టుకుని ముప్పైసార్లు షూ పెడల్‌లో పెట్టడం, తియ్యడం చేయించారు. టక్కున పట్టి, మడమ తిప్పగానే టక్కున వదిలేస్తుంటే "అక్కా, వచ్చేసింది!" అని తమ్ముడు చప్పట్లు కొట్టాడు. డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు. మూడు టీలు, 60 రూపాయలు, అవీ బలవంతంగా తాగించాం.

మనం నడిపేది రోడ్డుకి ఎడమవైపు కాబట్టి ఎప్పుడూ ఎడమకాలే ముందు తియ్యండి, అదీ ఆగడానికి పదిగజాల ముందే. అప్పుడు పేవ్‌మెంట్ వైపు ఒరిగి కాలు ఆనించొచ్చు, బండ్ల వైపు కాదు. ఎస్‌హెచ్56 రకం క్లీట్లయితే కాలు ఎటు లాగినా తేలిగ్గా ఊడతాయని కూడా ఆయనే చెప్పారు. రేపు వెళ్ళి కొంటాను, వేరే షాపులో. బిగించుకునేది మాత్రం నేనే.