బ్రిటన్ స్పాన్సర్ల రిజిస్టర్: ఉద్యోగం వెతకడానికి కన్నా ఆఫర్ నిజమో కాదో తేల్చడానికి మేలు

కాకినాడలో అడిగినా, భీమవరం, అమలాపురంలో అడిగినా "యూకే స్పాన్సర్‌షిప్ మేం ఇప్పిస్తాం" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు చెప్పే కంపెనీకి ఆ అర్హత ఉందో లేదో చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. విదేశీ ఉద్యోగులను తీసుకునే లైసెన్సున్న సంస్థలన్నిటి జాబితాను బ్రిటన్ హోం ఆఫీసు తన ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టి, తరచూ కొత్తది చేస్తుంది.

ఫైలులో లక్షకు పైగా వరుసలుంటాయి. ఫోనులో తెరిస్తే ఇరుక్కుపోతుంది, లాప్‌టాప్‌లో ఎక్సెల్‌తో తెరవండి. సంస్థ పేరు, ఊరు, కౌంటీ, రేటింగు, వీసా రూటు అని ఐదు నిలువు వరుసలు. రూటులో స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యమున్న ఉద్యోగులకిచ్చే వీసా), రేటింగులో ఏ మాత్రమే ఉంచి మిగతావి దాచేయండి. బీ రేటింగు సంస్థ పాతవాళ్ల వీసా పొడిగించగలదు తప్ప కొత్తవాళ్లను తీసుకోలేదు. ఇక్కడ మనవాళ్లు తికమకపడేది పేరు దగ్గరే. జాబితాలో ఉండేది రిజిస్టరైన పేరు, కంపెనీ వాడుక పేరు వేరే ఉండొచ్చు. కంపెనీ వెబ్‌సైటు అడుగున రిజిస్టర్డ్ పేరు, నంబరు ఉంటాయి. ఆ నంబరును కంపెనీస్ హౌస్ (బ్రిటన్‌లో కంపెనీలు రిజిస్టరయ్యే ప్రభుత్వ సంస్థ) సైట్లో కొడితే ఎప్పుడు పెట్టారో, ఏ వ్యాపారమో, లెక్కలు దాఖలు చేస్తున్నారో బయటపడుతుంది. నిరుడు పుట్టి, లెక్కల్లో లావాదేవీలే లేని కంపెనీ మెకానికల్ ఇంజినీరును పిలుస్తోందంటే అక్కడే ఆగండి.

ఇక లోపం. ఏ కంపెనీలో ఖాళీ ఉందో, ఏ పనికి తీసుకుంటారో జాబితా చెప్పదు. పేరుందని వరసపెట్టి రెజ్యూమెలు పంపితే కాలం వృథా. ముందు ఉద్యోగ ప్రకటన పట్టుకుని, తర్వాత ఇందులో పేరు వెతకడమే సరైన వరస.

పేరు దొరికాక జీతం చూడాలి. 2025 జూలై 22 నుంచి సాధారణ కనీసం ఏడాదికి 41,700 పౌండ్లు. బ్రిటన్ ప్రభుత్వం ఒక్కో వృత్తికి ఒక కోడు నంబరు ఇచ్చింది, ఆ కోడుకు కట్టిన జీతం రేటు అంతకన్నా ఎక్కువైతే అదే లెక్క. కోడులివి: సివిల్ ఇంజినీర్లకు 2121, మెకానికల్‌కు 2122, ఎలక్ట్రికల్‌కు 2123, ప్రోగ్రామర్లకు 2134. కోడుకు కట్టిన జీతం రేటు వారానికి 37.5 గంటల లెక్కది, ఒప్పందంలో గంటలు పెరిగితే రేటూ పెరగాలి. 26 ఏళ్ల లోపువారికి కొంత తగ్గింపు ఉంది. డిగ్రీ స్థాయి కన్నా కింది పనులకు చాలావరకు తలుపు మూసేశారు. 2026 జనవరి 8 నుంచి కొత్తవాళ్లకు ఇంగ్లీషు బీ2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో ఆరింట్లో నాలుగో మెట్టు) కావాలి.

ముద్రలు, సంతకాలతో మెరిసే "స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్" పీడీఎఫ్ వాట్సాప్‌లో వస్తే నమ్మొద్దు. ఫలానా వ్యక్తిని ఫలానా పనికి తీసుకుంటున్నామని కంపెనీ ఇచ్చే అసలు సర్టిఫికెట్ హోం ఆఫీసు కంప్యూటర్లో ఉండే రికార్డు. అభ్యర్థికి కావలసింది దాని రిఫరెన్స్ నంబరు, అది ఇచ్చిన మూడు నెలల్లోపు వీసాకు దరఖాస్తు చేయాలి. దొంగ ఆఫర్లలో కంపెనీ పేరు నిజమైనదే ఉంటుంది, మెయిల్ మాత్రం జీమెయిల్. వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, మీరే వెతికి పట్టుకున్న కంపెనీ వెబ్‌సైట్లోని హెచ్ఆర్ మెయిల్‌కు రాసి అడగండి.

చేపల చెరువు తాకట్టు పెట్టి "స్పాన్సర్‌షిప్ ఫీజు" కట్టే ఇళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. సర్టిఫికెట్ ఫీజు (2025లో 525 పౌండ్లు), విదేశీ ఉద్యోగిని తీసుకున్నందుకు ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జీ కంపెనీయే భరించాలి, స్కిల్డ్ వర్కర్ దగ్గర వసూలు చేయకూడదు. వీసా ఫీజు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి, టీబీ పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష మాత్రం అభ్యర్థి ఖర్చే. కొన్ని కంపెనీలు ఇవీ కడతాయి, ఆఫర్ మాట్లాడేటప్పుడే అడగండి.

ఈ జాబితాకు ఉద్యోగ వెతుకులాటలో 5లో 2, నిజానిజాలు తేల్చడంలో 5లో 4.5 ఇస్తాం. మధ్యలో ఏజెంటు తప్పదనుకుంటే అతని పేరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లోని రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో చూడండి. మన నిబంధనల ప్రకారం అతను తీసుకోగల సేవా రుసుము గరిష్ఠం 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 35,400. రసీదు తప్పకుండా తీసుకోండి.