గులాబీ రంగు బంగారం కోసం సండర్‌ల్యాండ్ దాకా

ఇంగ్లండ్‌లో పాతకాలపు లస్టర్ పింగాణీ, అంటే లోహంలా మెరిసే పూత వేసినవి, చూడాలంటే అందరూ స్టోక్-ఆన్-ట్రెంట్ పేరే చెబుతారు. నన్నడిగితే ముందు సండర్‌ల్యాండ్ వెళ్లండి.

బసకు న్యూకాజిల్ మేలు. హోటళ్లు ఎక్కువ, అక్కణ్నుంచి మెట్రోలో అరగంట. సండర్‌ల్యాండ్ మ్యూజియంకి ప్రవేశ రుసుము లేదు. 19వ శతాబ్దంలో ఇక్కడి కుమ్మరులు ఆమ్లంలో కరిగించిన బంగారాన్ని తెల్లటి మట్టిపాత్రల మీద పూసి కాల్చేవారు. పొర పల్చన కాబట్టి అది పసుపుగా కాక గులాబీ రంగుకు తిరిగేది. తడి మీదే నూనె చుక్కలు చిలకరిస్తే కాలేటప్పుడు బుడగలు పేలి మచ్చలు తేలేవి. 1796లో వేర్ నది మీద కట్టిన ఇనుప వంతెన బొమ్మ ఎన్నో కూజాల మీద కనిపిస్తుంది. గీతలు అచ్చువేసినవి, రంగులు చేత్తో దిద్దినవి. ఒక కూజా మీద ఒడ్డున గడ్డికి వేసిన ఆకుపచ్చ రంగు గీత దాటి నీళ్లలోకి పాకింది. రోజంతా కూర్చుని అవే బొమ్మలు దిద్దిన మనిషి చెయ్యి అది. దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

స్టోక్‌లో చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి, తీరిక పెట్టుకోండి. హాన్లీలోని పాటరీస్ మ్యూజియం ఉచితం. లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టోన్ మ్యూజియంకి టికెట్ ఉంది, అయినా సీసా ఆకారపు బట్టీలోపల నిలబడి పైకి చూడ్డానికి ఆ డబ్బు ఇవ్వొచ్చు. నేను దిగిన హోటల్లో గది శుభ్రమే గానీ రాత్రంతా రోడ్డు హోరు. వెనకవైపు గది అడగండి.

పేరున్న పింగాణీ సంస్థ వెడ్జ్‌వుడ్ ఉండేది బార్లాస్టన్‌లో. ఆ పేరుతో స్టేషన్ ఉన్నా రైళ్లు ఆగవు, స్టోక్ నుంచి టాక్సీ మాట్లాడుకోవడం మేలు. ఆ సంస్థ డిజైనర్ డైసీ మేకిగ్-జోన్స్ 1915 ప్రాంతంలో మొదలుపెట్టిన ఫెయిరీల్యాండ్ లస్టర్ ఇక్కడి సేకరణలో ఉంది. బోన్ చైనా (ఎముకల బూడిద కలిపిన పింగాణీ) మీద యక్షిణులు, సాలెగూళ్లు, రాత్రి ఆకాశం. పలుమార్లు కాల్చిన పని, పనితనంలో దీనికి సాటిలేదు. మనసుకు మాత్రం నాకు సండర్‌ల్యాండ్ కూజాలే దగ్గర.

కొనాలనుకుంటే పాత సామాన్ల దుకాణాల్లో రాగి రంగు లస్టర్ కూజాలు తరచూ దొరుకుతాయి. కొత్తవి కూడా పాతవాటిలో కలిసిపోతుంటాయి. అడుగు తిప్పి చూడండి, ఏళ్ల తరబడి బల్ల మీద రాసుకున్న అరుగుదల ఉండాలి. అంచుల్లో మెరుపు చెరిగినా పర్వాలేదు, బీట ఉంటే వద్దు. ఇంటికి తెచ్చాక పీచుతో తోమొద్దు, డిష్‌వాషర్లో అసలే పెట్టొద్దు.