గోడ అవతల ఎమ్మారై వచ్చాక మా లినాక్: ఏళ్ల తరబడి వాడినవాడి మాట

మా లినాక్, అంటే క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ఇచ్చే మిషన్, ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది బీమ్ స్టీరింగ్ సర్వో గురించే. అంటే లోపలి ఎలక్ట్రాన్ల ధార దారి తప్పకుండా దానంతటదే సరిదిద్దే ఏర్పాటు. సీబీసీటీ (పేషెంటు పడుకున్న చోటే తీసే స్కాన్), ఎమ్మెల్సీ (బీమ్‌ను గడ్డ ఆకారానికి మలిచే లోహపు రేకులు) ఇప్పుడు చాలా లినాక్‌లకు ఉంటాయి. నెల్లూరులో మెడికల్ ఫిజిసిస్టుగా రోజూ దీనితో పనిచేసే నాకు దీనిమీద అంత ఇష్టం కలగడానికి కారణం ఆ ఒక్కటే.

మా బంకర్‌లో (మిషన్ ఉండే మందపాటి గోడల గదిలో) పేషెంటు చుట్టూ తిరిగే చేయి, అంటే గాంట్రీ, దాని ఇరుసు తూర్పు పడమరలుగా ఉంది, ఎలక్ట్రాన్లకు వేగం ఎక్కించే గొట్టం వేవ్‌గైడ్ కూడా దాదాపు అదే వరసలో ఉంటుంది. మన నెల్లూరులో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్ (పది వేల గాస్‌లు ఒక టెస్లా). మనం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి అది పెద్దగా వాలకుండా ఉత్తరానికి పోతుంది, అంటే మా ఎలక్ట్రాన్ల దారికి సరిగ్గా అడ్డం. ఎలక్ట్రాన్లను వదిలే గన్ నుంచి అప్పుడే వచ్చిన 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ ఒక్క గాస్‌లో 8 మీటర్ల లోపు వ్యాసార్థంతో వంగిపోతుంది. గాంట్రీ తిరిగేకొద్దీ ఆ వంపు మిషన్ లెక్కలో ఒకసారి పైకి, ఒకసారి పక్కకి మారుతుంది. బీమ్‌ను కొలిచే మానిటర్ చాంబర్‌లో రెండు సగాల తేడా చూసుకుని, కాయిల్స్‌లో కరెంటు మార్చి సర్వో దాన్ని దారిలో పెడుతుంది. ఇన్నేళ్లూ మాకు తెలియకుండానే ఆ పని జరిగిపోయింది.

తర్వాత కారిడార్ అవతల గదిలో 1.5 టెస్లా ఎమ్మారై పెట్టారు. మాగ్నెట్‌కు కరెంటెక్కించిన మర్నాడు గాంట్రీ 270 డిగ్రీల దగ్గర సిమెట్రీ ఇంటర్‌లాక్ పడింది, అంటే బీమ్ రెండు పక్కలా సమానంగా లేదని మిషన్ తనంతట తానే ఆగిపోయింది. రీసెట్ చేస్తే కాసేపు నడిచి మళ్లీ పడింది. 90 దగ్గర మాత్రం ఏ గొడవా లేదు. బయట హాల్లో కావలి నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన పెద్దామె, "ఏం నాయనా, ఇయ్యాల కూడా లేటేనా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. సర్వీస్ ఇంజనీరు వచ్చి, "గన్ పాతబడింది సార్, మార్చేద్దాం" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. గన్ పోతే అన్ని కోణాల్లోనూ తేడా కనపడాలి కదా.

గాస్‌మీటర్ తెప్పించి గాంట్రీ పక్కన పెడితే, అంతకుముందు లేని అర గాస్ కొత్తగా కనిపించింది. రెండు మీటర్ల కాంక్రీటు ఎక్స్‌రేలను ఆపుతుంది గానీ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. 270 దగ్గర మిషన్‌లో ముందునుంచీ ఉన్న కొద్దిపాటి తేడాకు కొత్తది తోడైంది, 90 దగ్గర రెండూ కొట్టేసుకున్నాయి. "లినాక్ నడిచేటప్పుడు ఎమ్మారై ఆపితే పోలా?" అన్నారు ఆఫీసులో. అది సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్, స్కాన్ లేకపోయినా రాత్రింబగళ్లు ఆన్‌లోనే ఉంటుంది. నిజానికి అదే మాకు కలిసొచ్చింది. క్షేత్రం మారదు కాబట్టి, ఒక్కో కోణానికి కాయిల్స్‌లో ఎంత కరెంటో ముందే రాసి ఉంచే స్టీరింగ్ టేబుల్ మళ్లీ కట్టించాక ఇంటర్‌లాక్ గోల పోయింది.

అందుకే సర్వో మీద నా మెచ్చుకోలుకు ఇప్పుడొక షరతు. అది సరిదిద్దేది బీమ్ మొదలయ్యాకే. మొదటి క్షణంలో టేబుల్‌లోని విలువలే దిక్కు. కొద్దిపాటి మానిటర్ యూనిట్లతో (మిషన్ డోసు లెక్క) ముగిసే చిన్న సెగ్మెంట్లున్న (బీమ్ ముక్కలున్న) ప్లాన్లు ఇస్తే నేను సిమెట్రీని ఇప్పటికీ విడిగా చూసుకుంటాను. ఎక్స్‌రేలకు బదులు ఎలక్ట్రాన్లనే నేరుగా పేషెంటుకు ఇచ్చే ఎలక్ట్రాన్ మోడ్ గురించి నాకు బెంగ లేదు. అర గాస్‌లో 6 ఎంఈవీ (60 లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల) బీమ్ మీటరు దూరానికి పక్కకి జరిగేది మిల్లీమీటరు పైచిలుకే.

ఒంగోలు మిత్రుడొకరు, "అన్నా, మరి ఎమ్మార్ లినాక్‌లో ఎట్టా?" అని అడిగాడు. ఎమ్మారై, లినాక్ రెండూ ఒకే మిషన్‌గా ఉండేది అది. దాని 1.5 టెస్లా రకంలో గన్, వేవ్‌గైడ్ ఉండే చోట క్షేత్రం దాదాపు సున్నా అయ్యేలా మాగ్నెట్ కాయిల్స్‌నే డిజైన్ చేశారు. చిక్కంతా పేషెంటు ఒంట్లో. ఎక్స్‌రేలు వంగవు గానీ, అవి కణజాలంలో విడగొట్టే ఎలక్ట్రాన్లు వంగుతాయి. 1 ఎంఈవీ ఎలక్ట్రాన్‌కు అక్కడ వ్యాసార్థం సుమారు 3 మిల్లీమీటర్లు. ఒంట్లోంచి గాలిలోకి వచ్చింది చుట్టు తిరిగి మళ్లీ చర్మానికే తగులుతుంది, ఊపిరితిత్తి అంచున కూడా ఇదే తంతు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. చికిత్స జరుగుతుండగానే గడ్డ కనపడటం గొప్ప సంగతే, ఆ మాట కాదనను. కానీ అందులో ఎలక్ట్రాన్ బీమ్ చికిత్స ఉండదు. రొమ్ము ఆపరేషన్ అయ్యాక ఎలక్ట్రాన్ బూస్ట్ (గడ్డ ఉన్న చోటికి అదనపు డోసు) కావాల్సినవాళ్లు మా దగ్గరికి ఎప్పుడూ వస్తుంటారు కాబట్టి నాకు ఈ మిషనే సరిపోయింది. కాలేయం, క్లోమం కేసులు ఎక్కువగా చూసేవాళ్లకు లెక్క వేరేగా ఉండొచ్చు.

మీ దగ్గరా కొత్త బ్లాక్ కడుతుంటే, ఎమ్మారై ఎక్కడొస్తుందో ప్లాన్ దశలోనే అడగండి. మాగ్నెట్ ఎక్కించిన రోజే అన్ని గాంట్రీ కోణాల్లో సిమెట్రీ కొలవండి. క్వెంచ్ అయి (మాగ్నెట్ సూపర్‌కండక్టింగ్ గుణం పోయి క్షేత్రం పడిపోయి) మళ్లీ ఎక్కించినా అంతే.